కుక్క ముక్కుకి పని చెప్పే చాప: ఒక టైలర్ రివ్యూ

మాది బెజవాడ సత్యనారాయణపురం. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని బ్లౌజులు, డ్రెస్సులు కుడతాను. చీరలకు ఫాల్, పీకో చేస్తాను. మా లడ్డు ఐదేళ్ల లాబ్రడార్. ఎండల్లో వాడిని బయట తిప్పడం కుదరని రోజుల కోసం నాలుగు వస్తువులు తెప్పించాం. గింజలు దాచిపెడితే ముక్కుతో వెతుక్కుని తినే గుడ్డ చాప, లోపల తిండి కూరే రబ్బరు బొమ్మ, నాకి తినే సిలికాన్ మ్యాట్, మూతలు జరిపి తినే పజిల్ పలక. గుడ్డ చాపని ఆన్‌లైన్‌లో స్నఫుల్ మ్యాట్ అంటారు. వీటిలో రెండు రోజూ వాడే సామాను అయిపోయాయి. ఒకటి అప్పుడప్పుడు పనికొస్తోంది. ఇంకోటి బీరువా పైకెక్కింది. గుడ్డ, దారం, కుట్టు నాకు బాగా తెలిసిన సంగతులు కాబట్టి చాప గురించే ఎక్కువ రాస్తాను.

బెజవాడ ఎండ గురించి ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. మే నెలలో పొద్దున్న తొమ్మిదింటికే తారు రోడ్డు మీద ఒట్టి కాలు పెట్టలేం. సాయంత్రం ఏడైనా రోడ్డు వేడి కక్కుతూనే ఉంటుంది. మనం చెప్పులేసుకుని నడుస్తాం కాబట్టి ఆ సంగతి మనకి తెలియదు. చెయ్యి వెనక వైపు రోడ్డుకి ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే ఆ రోడ్డు మీద కుక్కని నడిపించకూడదు. పాదాల కింది చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. పైగా మనలాగా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడే వీలు వాటికి లేదు. ఒంట్లో వేడి తగ్గించుకోడానికి రొప్పడమే వాటికున్న ముఖ్యమైన దారి. బయట వడగాలి కొడుతుంటే ఆ రొప్పడం కూడా సరిపోదు. ముక్కు నొక్కుకుపోయినట్టుండే పగ్, షిట్జూ లాంటి వాటికైతే ప్రాణం మీదకే వస్తుంది.

అందుకే ఎండాకాలంలో మావారు తెల్లవారుజామున ఐదింటికి వాడిని బీఆర్‌టీఎస్ రోడ్డు దాకా తిప్పుకొస్తారు. మళ్లీ రాత్రి తొమ్మిది దాటాక వీధి చివరిదాకా. మధ్యలో అంతసేపూ వాడు ఇంట్లోనే, నా మిషన్ పక్కనే. సరిగ్గా ఆ నెలల్లోనే నాకు పెళ్లిళ్ల సీజను. ముహూర్తాల వారంలో మిషన్ మీద నుంచి లేచే తీరిక ఉండదు. లాబ్రడార్ ఊరికే పడుకునే జాతి కాదు. వాటి పూర్వీకులు కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ తీరాన జాలర్లతో పాటు నీళ్లలోకి దిగి పనిచేసినవి. అలాంటి జాతి కుక్కకి రోజంతా ఏ పనీ లేకపోతే తనే ఒక పని కల్పించుకుంటుంది. లైనింగ్ ముక్కలు నోట కరుచుకుని మంచం కింద దూరడం, కొలతలిచ్చే టేపు నమలడం, కాలింగ్ బెల్ మోగితే అరిచి గీపెట్టడం, కొలతల కోసం వచ్చినవాళ్ల మీదకి ఎగబడటం. పట్టు బ్లౌజు చేతిలో ఉన్నప్పుడు నాకు ఎంత టెన్షనో కుట్టేవాళ్లకి అర్థమవుతుంది.

మా మేనకోడలు గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదువుతోంది. వాడి వరస చూసి, "అత్తా, వీడి కాళ్లకి కాదు, బుర్రకి చాలట్లేదు పని. గిన్నెలో పోసి పెట్టడం మానెయ్. వెతుక్కుని తిననీ" అంది. గిన్నెలో పోస్తే లడ్డు తిండి నిమిషంలో అయిపోయేది. ఆ తర్వాత ఖాళీ గిన్నెని వంటగది అంతా తోసుకుంటూ తిరిగేవాడు. లాబ్రడార్లలో ఇంచుమించు నాలుగో వంతుకి ఆకలి తీరిన భావన సరిగ్గా కలగనివ్వని జన్యు లోపం ఉంటుందట, అదీ తనే చెప్పింది. మావాడు ఆ నాలుగో వంతులో ఉన్నాడో లేడో గానీ, తిండి కోసం ఎంత కష్టమైనా పడతాడు. ఆ కష్టం పెట్టే వస్తువులే ఇవన్నీ.

ఇక చాప. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉంటుంది. కింద గట్టి గుడ్డ, పైన రంగురంగుల ఫ్లీస్ (మెత్తటి దుప్పటి బట్ట) పేలికలు గుబురుగా నిలబడి ఉంటాయి. పొద్దున్న పెట్టాల్సిన డాగ్ ఫుడ్ గింజల్ని వాటి మధ్య చల్లి, చేత్తో అటూ ఇటూ కలిపి దాచేస్తాను. చల్లుతున్నంతసేపూ వాడు గుమ్మం అవతల కూర్చుని చూస్తాడు. "వెతుకు" అనగానే మొదలు.

వెతికేటప్పుడు పక్కన కూర్చుని చూడండి, చాలా విషయాలు తెలుస్తాయి. ముందు కళ్లతో చూస్తాడు, ఏమీ కనపడదు. తర్వాత తల దించి, ముక్కు పేలికల మధ్యకి పోనిచ్చి, గుసగుసమని గబగబా పీలుస్తాడు. కుక్కలు వాసన చూసేటప్పుడు సెకనుకి ఐదారు సార్లు ఊపిరి లాగుతాయి. వదిలే గాలి ముక్కు రంధ్రాల పక్కనున్న చీలికల్లోంచి పక్కకి పోతుంది, అందువల్ల ముందున్న వాసన చెదిరిపోదు. ఇది నేను కళ్లారా చూశాను. లడ్డు ముక్కు ముందున్న పేలిక కదలదు, రెండు పక్కల ఉన్న పేలికలు మాత్రం సన్నగా ఊగుతాయి. గింజ దొరికే ముందు తోక ఊపు మారుతుంది. చెవులు వెనక్కి వాలతాయి. పెదవి పైకి లేపి, ముందు పళ్లతో గింజని ఎంత సుకుమారంగా తీస్తాడంటే, సోఫా కవర్లు చింపిన కుక్క ఇదేనా అనిపిస్తుంది. చాప ఖాళీ అయ్యాక కూడా కాసేపు వాసన చూసి, పెద్దగా నిట్టూర్చి, ఫ్యాను కింద కాళ్లు బారజాపి పడుకుంటాడు. ఆ పడుకోవడం గంటన్నర, ఒక్కోసారి రెండు గంటలు. నాకు చేతులు కుట్టి, హుక్కులు వేసి, ఒక బ్లౌజు పూర్తయ్యే సమయం.

మనకి ముక్కులో వాసన పట్టే కణాలు 50, 60 లక్షలు ఉంటే కుక్కకి జాతిని బట్టి 10 కోట్ల నుంచి 30 కోట్ల దాకా ఉంటాయంటారు. అంత పెద్ద యంత్రాంగం పెట్టుకున్న ప్రాణిని నాలుగు గోడల మధ్య ఫినాయిల్ వాసన తప్ప ఇంకేమీ తెలియకుండా ఉంచుతున్నాం. పరిగెత్తిస్తేనే అలసట వస్తుందని మనం అనుకుంటాం. ముక్కు, మెదడు కలిసి పనిచేసినా అలసట వస్తుంది, అది వాటికి సుఖంగా నిద్ర పట్టించే అలసట. 2019లో వచ్చిన ఒక పరిశోధనలో కొన్ని కుక్కలకి రెండు వారాలు ముక్కుతో వెతికే ఆటలు, మరికొన్నిటికి యజమాని పక్కన అడుగులో అడుగేసి నడిచే శిక్షణ ఇచ్చారు. తర్వాత తిండి ఉందో లేదో తేల్చుకోలేని చోట గిన్నె పెట్టి చూశారు. వాసన ఆటలు ఆడిన కుక్కలు ఆ గిన్నె దగ్గరకి మునుపటి కంటే త్వరగా వెళ్లాయి. అంటే మంచే జరుగుతుందని ఆశపడే మనసు వాటికి పెరిగిందని లెక్క. రెండో గుంపులో ఆ మార్పు కనపడలేదు. మా మేనకోడలు ఇది చెప్పినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది. ఎందుకంటే లడ్డులో నేను చూసిందీ అదే. వాడు ఇప్పుడు ఉలిక్కిపడటం తగ్గింది.

ఇప్పుడు కుట్టు సంగతి. పేలికలకి ఫ్లీస్ వాడటం చాలా సరైన ఎంపిక. కత్తిరించిన చోట ఫ్లీస్ పోగులు ఊడవు, ఓవర్‌లాక్ అక్కర్లేదు, ఉతికితే త్వరగా ఆరుతుంది. అదే నూలు బట్ట అయితే అంచుల్లోంచి దారాలు వస్తాయి, గింజతో పాటు కుక్క కడుపులోకి పోతాయి. బట్ట వరకు కంపెనీకి మార్కులు వేస్తాను. ఏ కంపెనీ అన్నది ఇక్కడ రాయను. కుట్టు మాత్రం నాసిరకం. పేలికల్ని కింద గుడ్డకి ఒకే వరస కుట్టుతో, అదీ పొడుగు కుట్టుతో లాగించేశారు. మొదలూ చివరా వెనక్కి కుట్టి ముడి వేయలేదు. ముప్పై కిలోలు దాటిన కుక్క పళ్లతో లాగే వస్తువుకి అది ఏమాత్రం చాలదు. మొదటి వారంలోనే ఒక మూల నుంచి పేలికలు ఊడి రావడం మొదలైంది. గుడ్డ పేలిక మింగితే పేగులో అడ్డం పడి ఆపరేషన్ దాకా వెళ్లొచ్చు, కాబట్టి ఇది చిన్న లోపం కాదు. నేను నైలాన్ దారంతో రెండు వరసలు జిగ్‌జాగ్ వేసి బిగించాను, ఆ తర్వాత ఒక్క పేలికా కదల్లేదు. కింద జారకుండా వేసిన రబ్బరు చుక్కలు కూడా పల్చగా ఉన్నాయి, గచ్చు మీద చాప జారిపోతోంది. నాలుగు మూలలా పీటలు పెడుతున్నాను.

రూ.900 పెట్టాం. కుట్టు వచ్చినవాళ్లు అంత పెట్టక్కర్లేదు, రానివాళ్లూ పెట్టక్కర్లేదు. రెండో చాప నేనే చేశాను, మిషన్ కూడా ఎక్కించలేదు. గిన్నెలు కడిగే సింకులో వేసే రంధ్రాల రబ్బరు మ్యాట్ ఒకటి, ఒక ఫ్లీస్ దుప్పటి. దుప్పటి వన్‌టౌన్ వస్త్రలతలో తెలిసిన కొట్టులో దొరికింది, చలికాలం మిగిలిపోయిన సరుకు. అంగుళం వెడల్పు, ఏడంగుళాల పొడవు పేలికలు కత్తిరించి, ఒక రంధ్రంలోంచి దూర్చి పక్క రంధ్రంలోంచి తీసి, గట్టిగా ముడి వేసుకుంటూ పోవడమే. ఖాళీ వదలకూడదు, ఎంత గుబురుగా ఉంటే అంత మంచిది. టీవీ చూస్తూ సాయంత్రాలు చేసుకునే పని. కొన్న చాప కంటే ఇదే గట్టిగా ఉంది. రబ్బరు బరువుకి జారట్లేదు కూడా.

రబ్బరు బొమ్మ పేరు కాంగ్. మూడు గుండ్రాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటుంది. దీని పుట్టుక నాకు బాగా నచ్చింది. 1970లలో అమెరికాలోని కొలరాడోలో జో మార్కమ్ అనే ఆయన దగ్గర ఫ్రిట్జ్ అనే జర్మన్ షెపర్డ్ ఉండేదట. అది రాళ్లు కొరికి పళ్లు పాడుచేసుకుంటోంది. ఆయన ఫోక్స్‌వ్యాగన్ వ్యాను రిపేరు చేస్తూ పక్కన పడేసిన ఒక రబ్బరు భాగాన్ని అది వదలకుండా కొరకడం చూసి, ఆ ఆకారంలోనే బొమ్మ తయారు చేశాడు. ఇలాంటివి ఏ కంపెనీవి కొన్నా రెండు చూసుకోండి. ఒకటి, కుక్క బరువుకి తగిన సైజు. మావాడికి ఎక్స్‌ఎల్ తీసుకున్నాం, చిన్నది కొంటే గొంతులో పడుతుంది. రెండు, రంధ్రం రెండు వైపులా ఉండాలి. ఒకవైపే ఉంటే లోపల గాలి బిగిసి నాలుక ఇరుక్కుపోతుంది.

మా ఇంట్లో దాంట్లోకి పోయేది పెరుగన్నం. ఉప్పు, తాలింపు, ఏమీ లేకుండా అన్నంలో పెరుగు, ఉడికించిన గుమ్మడికాయ, తరిగిన క్యారెట్ కలిపి కూరి, రాత్రి ఫ్రీజర్‌లో పెడతాను. మధ్యాహ్నం రెండింటికి, ఎండ మండిపోతున్నప్పుడు ఇస్తే వాడు ముందు కాళ్ల మధ్య బిగించి పట్టుకుని ముప్పావు గంట దాని మీదే ఉంటాడు. కోడిమాంసం ఉడికించిన రోజున నాలుగు ముక్కలు అడుగున వేస్తాను. ఉల్లిపాయ, వెల్లుల్లి, ఎండు ద్రాక్ష, చాక్లెట్ మాత్రం ఎప్పుడూ వద్దు. అవి కుక్కలకి విషం. కూరలో గ్రేవీ మిగిలిందని కలిపేవాళ్లున్నారు, మన గ్రేవీ అంటేనే ఉల్లి, వెల్లుల్లి. షాపులో కొనే పీనట్ బటర్ వేసేటట్టయితే జైలిటాల్ (కుక్కలకి విషమయ్యే తీపి పదార్థం) లేదని డబ్బా మీద చదివి వేయండి. నేను వేయించిన పల్లీలు ఉప్పు లేకుండా మిక్సీలో మెత్తగా తిప్పి వేస్తాను. ఇంకో ముఖ్యమైన సంగతి, ఇదంతా రోజు తిండిలోంచి తీసి పెట్టాలి. గిన్నెలో ఎప్పటిలాగే పోసి, చాపలో ఇంకొంత, బొమ్మలో ఇంకొంత అంటే ఆరు నెలల్లో కుక్క పీపా అవుతుంది.

సిలికాన్ మ్యాట్ మూడు వందల లోపే. మీద చిన్న చిన్న గుంటలు, గీతలు ఉంటాయి, వాటిలో పెరుగు పూస్తే నాకుతూ ఉంటుంది. లడ్డుకి ఐదు నిమిషాల పని. బుర్రకి పెద్ద మేత కాదు గానీ, నాకడం వల్ల కుక్కలు నెమ్మదిస్తాయి. అందుకని గోళ్లు కత్తిరించేటప్పుడు, స్నానం చేయించేటప్పుడు బాత్రూం గోడకి అంటించి వాడుతున్నాం. దీపావళి రాత్రి తలుపులు, కిటికీలు వేసి, టీవీ పెట్టి, ఇది ముందు పెట్టాం. వణుకు పూర్తిగా పోలేదు, కానీ మంచం కిందకి దూరలేదు.

పజిల్ పలక మీద నాకు కోపంగా ఉంది. స్వీడన్‌కి చెందిన నీనా ఒట్టోసన్ అనే ఆవిడ 1990లలో చెక్కతో చేయడం మొదలుపెట్టిన ఆటలకి ఇవి అనుకరణలు. ఆలోచన మంచిదే, మూత జరిపితే గుంటలో గింజ దొరుకుతుంది. మాకు వచ్చింది పల్చటి ప్లాస్టిక్. జరిపే బిళ్లల అంచులు సరిగ్గా నునుపు చేయలేదు, నా వేలికే గీసుకుంది. ఒక బిళ్ల ఊడి చేతిలోకి వచ్చింది, అదే కుక్క నోట్లోకి పోయుంటే? తిప్పి పంపుతామంటే, తిండి మరకలున్నాయి కాబట్టి వెనక్కి తీసుకోం అన్నారు. కుక్క తిండి పెట్టుకునే వస్తువుకి తిండి మరకలు కాక ఏముంటాయి? రూ.1,200 పోయాయి. దాని బదులు మన వంటింట్లోనే మంచి పజిల్ ఉంది. ఇడ్లీ రేకు నేల మీద పెట్టి, గుంటల్లో గింజలు వేసి, ఒక్కో గుంట మీద ఒక టెన్నిస్ బంతి పెట్టండి. బంతి తీస్తే గింజ. లడ్డు దాన్ని మొదటి రోజు కాలితో కొట్టాడు, ఇప్పుడు ఒక్కో బంతీ నోటితో తీసి పక్కన పెట్టి మరీ తింటున్నాడు.

చాలామంది నన్ను అడిగేది ఒకటే, ఇవి ఉంటే ఇక తిప్పక్కర్లేదా అని. కొలతలకి వచ్చినవాళ్లలో అపార్ట్‌మెంట్ వాళ్లే ఎక్కువ, లిఫ్టు, వాచ్‌మెన్, వీధికుక్కలు, ఎవరి ఇబ్బందులు వాళ్లవి. నా మాట ఇది. ఎండ మండే రోజున, ముసురు పట్టిన రోజున, కాలికి ఆపరేషనై డాక్టరు పరిగెత్తించొద్దన్న రోజుల్లో ఇవి వాకింగ్ లోటు చాలావరకు తీరుస్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా ఆడపడుచు వాళ్లు మొదటి అంతస్తులో చిక్కుకుపోయారు, కుక్కతో సహా. మెట్ల దాకా నీళ్లు. దానికి డాబానే ప్రపంచం. పాత తువ్వాలులో బిస్కెట్ ముక్కలు చుట్టి ముడులు వేసి ఇచ్చేవారట, విప్పుకుని తినడమే దానికి ఆ రోజుల్లో ఉన్న ఒకే ఒక్క ఆట. అలాంటప్పుడు ఇంట్లో ఆడించడం తెలిసి ఉండటం ఎంత ఉపయోగమో వాళ్లని అడగాలి.

కానీ మామూలు రోజుల్లో వాకింగ్ మానేసి దీంతో సరిపెడితే ఒప్పుకోను. ఒంటికి, రెంటికి బయటికి వెళ్లాల్సిందే. కండరాలకి, కీళ్లకి నడక కావాలి, లావెక్కే లాబ్రడార్‌కి మరీను. మనుషుల్ని, బళ్లని, తోటి కుక్కల్ని రోజూ చూస్తుంటేనే వాటికి భయం పోతుంది. నడిపించేటప్పుడు కూడా ముక్కుకి పని ఉండనివ్వండి. మావారు మొదట గొలుసు లాగుతూ చకచకా నడిపించేవారు, స్తంభం దగ్గర ఆగితే విసుక్కునేవారు. ఇప్పుడు వాడు ఆగినచోటల్లా ఆగుతున్నారు. ఆ స్తంభం దగ్గరే వాడికి వీధి కబుర్లన్నీ తెలిసేది. దూరం సగమైంది, ఇంటికొచ్చాక వాడు ఇదివరకు కంటే కుదురుగా ఉంటున్నాడు.

కొనేవాళ్లకి మిగిలిన సంగతులు చెప్పేస్తాను. చాప పెట్టినప్పుడు మనిషి దగ్గర ఉండాలి, తినడం అవగానే తీసి పైన పెట్టేయాలి, లేకపోతే గింజలు అయ్యాక పేలికలు నమలడం మొదలవుతుంది. రెండు కుక్కలుంటే రెండు గదుల్లో రెండు చాపలు, ఒకే చాప మీద పోట్లాట ఖాయం. మొదటి రోజు గింజలు పైపైనే చల్లండి, దొరికే రుచి తెలిశాక లోపలికి దాచండి. తడి తిండి చాపలో వద్దు, మన ఊళ్లో గంటలో చీమలు పడతాయి. వారానికోసారి దులిపి, సర్ఫ్ నీళ్లలో నానబెట్టి, చేత్తో ఉతికి ఎండలో ఆరేయండి. ఇస్త్రీ చేయకండి, ఫ్లీస్ కరిగిపోతుంది. వానాకాలంలో లోపల చెమ్మ మిగిలితే ముక్కవాసన వస్తుంది, అందుకే రెండు చాపలు ఉంచుకున్నాను. ఉన్న డబ్బు ఒక్క వస్తువుకే సరిపోతే రబ్బరు బొమ్మ కొనండి, అది ఇంట్లో చేసుకోలేం. చాప మాత్రం సింకు మ్యాట్, పాత ఫ్లీస్ దుప్పటితో మీరే ముడివేసుకోండి, మూడు వందలు దాటదు.